‘బోర్డు పోయింది’ అనే ముందు మూత విప్పి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారములు. పాత ల్యాప్‌టాప్‌లో ఆట ఆడుతుండగా తెర మీద బొమ్మ చెదిరినా, ఆగిపోయినా ఇక దాని గ్రాఫిక్స్ చిప్ (తెర మీది బొమ్మలను గీసే చిప్) పని అయిపోయినట్టేననీ, మరమ్మతుకు డబ్బు తగలేయడం కంటే కొత్తది కొనుక్కోవడమే మేలనీ మీ పత్రిక సాంకేతిక పుటలో ఈమధ్య ఒక వ్యాసం వచ్చింది. కొనగలిగిన వారికి ఆ సలహా వల్ల వచ్చే నష్టం లేదు. కానీ ఉన్న ఒక్క పాత ల్యాప్‌టాప్‌తోనే తల్లి ఆఫీసు పనీ, పిల్లవాడి చదువూ, వాడి ఆటలూ నెట్టుకొస్తున్న కుటుంబాలు మన విశాఖలో వీధికి నాలుగైనా ఉంటాయి. చెడిపోయినది ఏదో చూడకుండానే చెడిపోయిందని తీర్పు చెప్పేస్తున్న పద్ధతి గురించి ఆ వ్యాసం ఒక్క మాటా చెప్పలేదు. మా ఇంట్లో జరిగిన దానినే ఉదాహరణగా తీసుకొని ఆ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. కంప్యూటర్లు నా చదువు కాదు. అయితే మా విభాగంలో చేరిన కొత్తలోనే ఒంటబట్టే అలవాటు ఒకటుంది. కొలిమి ఉష్ణోగ్రత చూపే మీటరు ఉన్నట్టుండి పై అంచుకు పోయి నిలబడితే కొలిమి తగలబడుతోందని మేము పరుగెత్తం. కొలిమి వేడిని పసిగట్టే థర్మోకపుల్ తీగ తెగితే ముల్లు పైకే పోయేలా ఆ మీటరును ముందే అమర్చి ఉంచుతాం కాబట్టి మొదట తీగను చూస్తాం, తర్వాత మీటరును చూస్తాం, ఆ రెండూ బాగున్నాయని తేలాకే కొలిమి సంగతి ఆలోచిస్తాం. ఖర్చు లేని అనుమానం ముందు, ఖరీదైన అనుమానం ఆఖరున. ల్యాప్‌టాప్ మరమ్మతుల్లో ఈ వరుస సరిగ్గా తిరగబడిందని నాకు కిందటి నెలలో తెలిసింది.

మా అమ్మాయి కుటుంబం వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర ఉంటుంది. వారింట్లో 2015లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఇంటెల్ ఐదో తరం ఐ5 ప్రాసెసర్, అందులోనే ఇమిడి ఉన్న హెచ్‌డీ 5500 గ్రాఫిక్స్, దానికి తోడుగా 2 జీబీ సొంత మెమరీ ఉన్న ఎన్విడియా జీఫోర్స్ 920ఎం చిప్, 4 జీబీ ర్యామ్. ఇప్పుడు దానిని డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా మనవడు వాడుతున్నాడు. ఆట మొదలుపెట్టిన పది పన్నెండు నిమిషాలకు తెర మీద రంగురంగుల గళ్లు పడడం, బొమ్మ బిగుసుకుపోవడం, తెర నల్లబడి మళ్లీ రావడం వాడి ఇబ్బంది. నగరంలోనే ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళితే, “గ్రాఫిక్స్ చిప్ పోయింది, బోర్డు మార్చాలి, 14,500 అవుతుంది” అన్నారట. బోర్డు అంటే చిప్‌లన్నీ అతికి ఉండే మదర్‌బోర్డు. ఎలా తెలిసిందని నేను వెళ్లి అడిగాను. “రోజుకు పది చూస్తుంటాం సార్” అన్నాడు అక్కడి కుర్రాడు. అబద్ధమాడాడని నేను అనను, ఆ పదింటిలో నాలుగైదు నిజంగా అలాంటివే అయి ఉండవచ్చు. కానీ మా ల్యాప్‌టాప్ మూత కూడా విప్పలేదని అడుగున మరల మీద చెక్కు చెదరని నల్లటి దుమ్మే చెబుతోంది. వెనక్కి తెచ్చేశాను.

మొదట తేల్చుకోవలసింది తప్పు బొమ్మలో ఉందా, బొమ్మను చూపించే తెరలో ఉందా అన్నది. దీనికి పైసా ఖర్చు లేదు. గళ్లో, గీతలో కనబడుతున్న క్షణంలో విండోస్ మీటనూ, ప్రింట్ స్క్రీన్ మీటనూ కలిపి నొక్కితే ఆ బొమ్మ ఫైలుగా భద్రమవుతుంది. ఆ ఫైలును ఫోనుకు పంపుకొని చూడాలి. ఫోనులో బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు తెరదో, తెరకూ బోర్డుకూ మధ్య కీలు దగ్గరగా పోయే సన్నని కేబుల్‌దో అయి ఉంటుంది. మూతను కాస్త ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు గీతలు మారుతుంటే ఆ కేబుల్ మీద అనుమానం మరింత బలపడుతుంది. హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లో టీవీకి కలిపి చూడడం రెండో సాక్ష్యం. ఇక ఆన్ చేయగానే, విండోస్ ఇంకా మొదలుకాకముందు, కంపెనీ గుర్తు కనబడేటప్పుడే గీతలుంటే అది డ్రైవర్ (విండోస్‌కూ చిప్‌కూ మధ్య పనిచేసే ప్రోగ్రామ్) తప్పు కాదని ఖాయంగా చెప్పవచ్చు, ఎందుకంటే అప్పటికి ఆ డ్రైవర్ లోడ్ కాలేదు. మా వాడి ల్యాప్‌టాప్‌లో ఆ గుర్తు శుభ్రంగా వచ్చింది, ఫోనుకు పంపిన బొమ్మలో మాత్రం గళ్లు గళ్లుగానే ఉన్నాయి. తెర, కేబుల్ రెండూ నిర్దోషులని అక్కడితో తేలింది.

ఇలాంటి రెండు చిప్‌ల ల్యాప్‌టాప్‌ల అమరిక తెలియకపోవడం వల్ల చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఎన్విడియా 2010లో ఆప్టిమస్ పేరుతో తెచ్చిన ఈ పద్ధతిలో తెర ఇంటెల్ గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది. ఎన్విడియా చిప్ బొమ్మను గీసి దానికి అందిస్తుంది, తెర మీద చూపించే పని ఇంటెల్‌ది. వంటవాడు వేరు, వడ్డించేవాడు వేరు అన్నమాట. అందువల్ల ఎన్విడియా చిప్ నిజంగానే చచ్చిపోయినా డెస్క్‌టాప్, ఇంటర్నెట్, సినిమాలు మామూలుగానే నడుస్తుంటాయి, ఆటలో మాత్రమే తేడా కనబడుతుంది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఎన్విడియా చిప్‌ను తాత్కాలికంగా నిలిపివేసి అదే ఆటను ఇంటెల్ మీద ఆడించాం. నత్తనడక నడిచింది గానీ నలభై నిమిషాలైనా ఒక్క గడీ పడలేదు. తప్పు ఎన్విడియా వైపే ఉందని తెలిసింది. దుకాణంవారి తీర్పుకు మేము చాలా దగ్గరగా వచ్చిన మాట నిజమే. అయితే ఎన్విడియా వైపు తప్పు అంటే చిప్ పోయిందని మాత్రమే అర్థం కాదు. వేడి కావచ్చు, డ్రైవర్ కావచ్చు, కరెంటు చాలకపోవడం కావచ్చు. ఈ కారణాలన్నిటిలో చిప్ పోవడం ఒక్కటే ఇంట్లో సరిచేయలేనిది.

పది పన్నెండు నిమిషాల లెక్కే నాకు మొదటి నుంచీ వేడి మీద అనుమానం కలిగించింది. చిప్‌లో శాశ్వతమైన లోపం ఉంటే చాలావరకు ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేసి ఆట తెరవగానే అది బయటపడుతుంది, రోజూ పది నిమిషాల గడువు తీసుకోవడం అరుదు. ఉష్ణోగ్రతను చూపే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే దానిని మనవడి చేత వేయించి, నోటుబుక్కులో నిమిషానికొక అంకె రాయించాను. మొదట 48 డిగ్రీలు, ఐదో నిమిషానికి 81, పదో నిమిషానికి 96, పదకొండో నిమిషంలో 97 దగ్గర గళ్లు పడ్డాయి. మూడు రోజులు ఇలాగే చేయించాను. ఒకటి రెండు డిగ్రీల తేడాతో మూడు రోజులూ ఒకే కథ.

మూత విప్పాం. ముందు చార్జరు తీసి, లోపల బ్యాటరీ కనెక్టరును విడదీశాకే ఏ పనైనా చేయాలని ఇక్కడే చెప్పడం నా ధర్మం. ఫ్యాను బాగానే తిరుగుతోంది. తిరుగుతున్న ఫ్యాను గాలి బయటకు పోవడానికి దారి లేదు, అదీ సంగతి. ఫ్యానుకూ, దాని ముందున్న సన్నటి రాగి రెక్కలకూ మధ్య దుమ్ము పేరుకొని, పొయ్యి దగ్గరి మసిగుడ్డ ముక్కలా ఒకే పొరగా ఊడి వచ్చింది. చేతికి అంటుకుంటే సబ్బుకు కూడా సులువుగా పోలేదు. వన్‌టౌన్, జ్ఞానాపురం, కంచరపాలెం వైపు ఇళ్లలో కిటికీ గడపలు రోజూ తుడుచుకునే వారికి ఆ నలుపు ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఓడరేవు వైపు నుంచి వచ్చే ఆ సన్నటి దుమ్ము సముద్రపు చెమ్మతో కలిస్తే పొడిగా ఉండదు, అట్టకడుతుంది. ఊరికే బయటి నుంచి బ్లోయర్ కొడితే ఈ అట్ట ఊడదు సరికదా, మరికాస్త లోపలికి బిగుసుకుంటుంది. ఫ్యానును విప్పి తీసి, రెక్కలను మెత్తటి బ్రష్షుతో దులపాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే దాని బేరింగు దెబ్బతింటుంది. చిప్‌కూ, వేడిని మోసుకుపోయే రాగి గొట్టానికీ మధ్య ఉండవలసిన థర్మల్ పేస్టు ఎండి సున్నపు పెళ్లలా రాలింది. పాతదాన్ని తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాం. పేస్టుకూ, బ్రష్షుకూ కలిపి మూడు వందల రూపాయలు దాటలేదు. అదే ఆట, అదే గది, అదే సాయంత్రం వేళ మళ్లీ నోటుబుక్కు తీశాం. అరగంట ఆడినా 79 డిగ్రీలు దాటలేదు, గళ్లు పడలేదు.

ఇంకొక మాట. ఈ ల్యాప్‌టాప్ గాలి పీల్చుకునేది అడుగు నుంచి. మా వాడు దానిని పరుపు మీద పెట్టుకొని ఆడతాడు. ఎవరి ముక్కు మీదైనా దిండు అదిమిపెట్టి పరుగెత్తమంటే ఎలా ఉంటుందని అడిగాను. “చెక్క పలక కొనిపెట్టు తాతా” అన్నాడు. పాత గోడ క్యాలెండరు అట్ట చాలుతుందని చెప్పాను.

వేడి తీరాక కూడా ఒక చిన్న జబ్బు మిగిలింది. గంటకో గంటన్నరకో ఒకసారి తెర క్షణకాలం నల్లబడి తిరిగి వచ్చేది. విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే 4101 అనే సంఖ్యతో, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మాని మళ్లీ కోలుకుందన్న నమోదు ప్రతిసారీ ఉంది. గ్రాఫిక్స్ చిప్‌కు ఒక పని అప్పగించాక మామూలుగా రెండు సెకన్లలో జవాబు రాకపోతే, మొత్తం కంప్యూటరు బిగుసుకుపోకుండా విండోస్ ఆ డ్రైవర్‌ను తనంతట తానే పడేసి లేపుతుంది. విండోస్ విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. విండోస్ లోపలి అమరికలుండే రిజిస్ట్రీలోకి వెళ్లి ఆ రెండు సెకన్లను పదో ఇరవయ్యో చేసుకుంటే సమస్య పోతుందని వాడి స్నేహితులు చెప్పారట. అలారం మోగుతోందని గంట నాలుకకు గుడ్డ చుట్టిన పని అది. మా కర్మాగారంలో ఎవరైనా అలా చేస్తే మెమో ఇచ్చేవారు.

అసలు కారణం డ్రైవర్ల గందరగోళం. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో కొత్తవి చేసిపెడతామని చెప్పే ఒక సాఫ్ట్‌వేర్‌ను మావాడు వేశాడు. అది ఒకటి వేస్తే, విండోస్ అప్‌డేట్ దాని మీద ఇంకొకటి వేసింది. డ్రైవర్ ఎంత కొత్తదైతే అంత మంచిదన్న నమ్మకం పాత యంత్రాల విషయంలో చెల్లదు. 920ఎం చిప్ ఎన్విడియా కెప్లర్ తరానికి చెందింది. ల్యాప్‌టాప్‌లలోని కెప్లర్ చిప్‌లకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు తయారుచేయడం ఆ సంస్థ 2019 ఏప్రిల్‌తోనే ఆపేసింది. ఆ తర్వాతి డ్రైవర్ ఏది తెచ్చి బలవంతంగా ఎక్కించబోయినా ఒరిగేదేమీ లేదు. ఇంటెల్ వైపు సంగతి ఇంకా చిత్రం. రెండో తరం ప్రాసెసర్లలోని హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్‌కు విండోస్ 10 డ్రైవర్‌ను ఇంటెల్ అసలు విడుదలే చేయలేదు. నాలుగో తరం గ్రాఫిక్స్‌కైతే, భద్రతా లోపం బయటపడిందన్న కారణంతో, ఉన్న డైరెక్ట్‌ఎక్స్ 12 (ఆటలు గ్రాఫిక్స్ చిప్‌ను వాడుకునే విండోస్ ఏర్పాటు) సౌకర్యాన్నే 15.40.44.5107 సంఖ్య గల డ్రైవర్ నుంచి తీసేసింది. నిన్నటిదాకా తెరుచుకున్న ఆట డ్రైవర్ మార్చిన మర్నాడు తెరుచుకోకపోతే యజమాని ఏమనుకుంటాడు? చిప్ పోయిందనే అనుకుంటాడు. దుకాణానికి వెళితే అక్కడా అదే మాట వినిపిస్తుంది.

మేము చేసినది ఇది. ఇంటర్నెట్ తీసేసి, ల్యాప్‌టాప్‌ను అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ఉపకరణంతో ఇంటెల్, ఎన్విడియా డ్రైవర్ల అవశేషాలన్నీ ఊడ్చేశాం. ఇంటర్నెట్ తీయకపోతే మనం ఊడుస్తుండగానే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను మళ్లీ తెచ్చి పడేస్తుంది. తర్వాత ల్యాప్‌టాప్ తయారీదారు ఆ మోడల్ కోసం తమ వెబ్‌సైట్‌లో ఉంచిన ఇంటెల్ డ్రైవర్‌ను ముందు, ఎన్విడియా డ్రైవర్‌ను ఆ తర్వాత వేశాం. ల్యాప్‌టాప్ కంపెనీలు తమ మోడళ్లకు తగినట్టు డ్రైవర్లను మార్చుకుంటాయి కాబట్టి చిప్ కంపెనీ ఇచ్చే సాధారణ డ్రైవర్‌ను కొన్ని యంత్రాలు ఒప్పుకోవు. రెండు వారాలైంది, 4101 మళ్లీ నమోదు కాలేదు.

ఇంత చేశాక కూడా ఒక ఆట మందకొడిగానే నడిచింది. చూస్తే అది ఎన్విడియాను ముట్టుకోకుండా ఇంటెల్ గ్రాఫిక్స్ మీదే నడుస్తోంది. 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి డిస్‌ప్లే సెట్టింగులలోనే గ్రాఫిక్స్ అనే చోట ఏ ప్రోగ్రామ్ ఏ చిప్ మీద నడవాలో మనమే చెప్పవచ్చు. అక్కడ హై పెర్ఫార్మెన్స్ అని ఎంచుకోవడంతో ఆ గొడవ తీరింది. చార్జరు తీసి బ్యాటరీ మీద ఆడితే వేగం సగానికి పడిపోవడం జబ్బు కాదు, బ్యాటరీ నుంచి అంతకంటే ఎక్కువ లాగకూడదని పెట్టిన కట్టడి. అయితే చార్జరు పెట్టినా అలాగే ఉంటే దాని మీద రాసిన వాట్లు చూడాలి. 90 వాట్ల చార్జరు పోగొట్టుకొని 65 వాట్లది కొని పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. పిన్ను పడుతుంది, లైటు వెలుగుతుంది, ఆట మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తుంది.

ర్యామ్ గురించి చెప్పవలసింది కొంచెమే అయినా దాని ఫలితం పెద్దది. ఇంటెల్ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అది కంప్యూటరు ర్యామ్‌లోనే వాటా తీసుకుంటుంది. ఒకే ర్యామ్ ముక్క ఉన్నప్పుడు ఒకే దారిలో రాకపోకలు సాగుతాయి. రెండు స్లాట్లున్న ల్యాప్‌టాప్‌లో అదే సైజు రెండో ముక్క పెడితే రెండు దారులవుతాయి. సొంత గ్రాఫిక్స్ చిప్ లేని పాత ల్యాప్‌టాప్‌లకు ఇంతకంటే చవకగా, ఇంతకంటే ఎక్కువ మేలు చేసే మార్పు నాకు తెలిసి లేదు. ఇంటెల్ ఐదో తరం ప్రాసెసర్లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకమే కావాలి, 1.5 వోల్టుల పాత డీడీఆర్3 అంటగడితే తీసుకోవద్దు. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే ఆటల వేగం పెరుగుతుందని అమ్మేవారు చెబుతారు. ఆట తెరుచుకునే సమయం తగ్గుతుంది, మధ్యలో కొత్త ప్రదేశం లోడయ్యేటప్పుడు వచ్చే కుదుపులు తగ్గుతాయి, అంతే. సెకనుకు గీసే బొమ్మల సంఖ్య దానివల్ల పెరగదు.

ఆ సంఖ్య పెరగాలంటే చిప్ మీద బరువు దించాలి. ఇక్కడ మూడో తరగతి లెక్క చాలు. 1920×1080 తెర మీద ఒక్కో బొమ్మకు 20,73,600 చుక్కలకు రంగు నింపాలి. అదే 1280×720 అయితే 9,21,600 చుక్కలు, అంటే సగం కంటే తక్కువ. సెకనుకు 30 బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి సుమారు 33 మిల్లీసెకన్లు, 60 కావాలంటే అందులో సగం. అంత వ్యవధిలో ఈ పాత చిప్ ఎన్ని చుక్కలు నింపగలదో అన్నే అడగాలి. ఆట సెట్టింగులలో మొదట నీడలను, తర్వాత అంచులను నునుపు చేసే యాంటీ అలియాసింగ్‌ను తగ్గిస్తే ఫలితం వెంటనే కనబడుతుంది. టెక్స్‌చర్ల (ఆటలో వస్తువుల మీద అతికే బొమ్మల) నాణ్యత మాత్రం ప్రధానంగా చిప్‌లోని మెమరీకి సంబంధించినది. 2 జీబీలో పట్టేంతవరకూ దానిని తగ్గించినా పెద్ద తేడా రాదు, పట్టకపోతే మాత్రం అడుగడుగునా బొమ్మ ఆగుతుంది.

పాత ల్యాప్‌టాప్‌కు నిజమైన హద్దు ఎక్కడుందో కూడా చెప్పాలి, లేకపోతే నేనూ దుకాణదారు మాదిరిగానే ఒక వైపే మాట్లాడినవాడినవుతాను. స్టార్ట్ మెనూ పక్కన వెతికే చోట ఇంగ్లిషు అక్షరాలలో డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని కొడితే ఒక కిటికీ తెరుచుకుంటుంది. దాని మొదటి పేజీలో డైరెక్ట్‌ఎక్స్ 12 అని చూసి, తమ ల్యాప్‌టాప్ కొత్త ఆటలకు సిద్ధంగా ఉందని చాలామంది మురిసిపోతారు. అది విండోస్‌లో ఉన్న డైరెక్ట్‌ఎక్స్ సంఖ్య, చిప్ సత్తా కాదు. చిప్ సంగతి డిస్‌ప్లే పేజీలో, మా లాంటి రెండు చిప్‌ల ల్యాప్‌టాప్‌లో ఎన్విడియాదైతే రెండర్ పేజీలో, ఫీచర్ లెవెల్స్ అనే వరుసలో ఉంటుంది. మా 920ఎంకు అక్కడ 11_0 వరకే ఉంది. 12_0 తప్పనిసరి అని రాసిన ఆట దాని మీద ఏ దుమ్ము దులిపినా, ఏ డ్రైవర్ వేసినా నడవదు. దాని కోసం బోర్డు మార్చినా అదే చిప్ ఉన్న బోర్డే వస్తుంది కనుక ఆ 14,500 కూడా దండగే. ఇలాంటి చోట కొత్తది కొనుక్కోమన్న మీ వ్యాసకర్త సలహా అక్షరాలా సరైనది.

పదేళ్లు పదిహేనేళ్ల కిందటి ఆటలతో వచ్చే తంటా దీనికి తలకిందులు. డీ3డీఎక్స్9_43 డీఎల్ఎల్ ఫైలు లేదని సందేశం వస్తే ఆ ఒక్క ఫైలును ఏదో వెబ్‌సైట్ నుంచి దింపుకోవడం దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో విడుదల చేసిన డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీలో అది ఉంది, ఉచితం. ఇక దుకాణాలలో ‘హీట్ కొట్టడం’ అని పిలిచే పద్ధతి, అంటే చిప్‌ను వేడిగాలితో కాల్చి కొన్నాళ్లు పనిచేయించడం గురించి ఒక్కటే చెబుతాను. అది మరమ్మతు కాదు, వాయిదా. చేసేవారు ఆ మాట ముందే చెప్పి చేస్తే నాకు అభ్యంతరం లేదు.

దుకాణాలవారి వైపు కూడా న్యాయంగా ఆలోచించాలి. మూడు రోజులు నోటుబుక్కు పట్టుకొని కూర్చునే తీరిక నాకుంది, వారికి లేదు. అద్దె కట్టాలి, కుర్రాళ్లకు జీతాలివ్వాలి. గంటసేపు పరీక్షించి జబ్బు కనిపెడితే, “చూసినందుకే డబ్బులా?” అని అడిగేది మనమే. భాగం మారిస్తేనే డబ్బు వస్తుందన్నప్పుడు ప్రతి జబ్బుకూ మందు భాగం మార్చడమే అవుతుంది. కాబట్టి పరీక్షకు వేరుగా, మరమ్మతుకు వేరుగా రుసుము ఉండాలి. పరీక్ష రుసుము అయిదు వందలైనా సంతోషంగా ఇద్దాం. దానికి బదులుగా ఆట నడుస్తున్నప్పుడు చిప్ ఉష్ణోగ్రత ఎంత, బయటి తెర మీద ఏం కనబడింది, ఏ డ్రైవర్ ఉంది, ఏ భాగం మీద అనుమానం అన్నది ఒక చీటీ మీద రాసి సంతకంతో ఇవ్వాలి. మార్చిన పాత భాగాన్ని అడగకుండానే వెనక్కి ఇవ్వాలి. స్కూటర్ మెకానిక్కులు పాత ప్లగ్గు, పాత కేబుల్ చేతిలో పెడుతుండగా, అంతకు ఇరవై రెట్లు ఖరీదైన బోర్డు ఎటు పోతుందో ల్యాప్‌టాప్ యజమానికి తెలియకపోవడం ఏమిటి? వినియోగదారుల రక్షణ చట్టం 2019 సేవలకూ వర్తిస్తుందనీ, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఎవరైనా ఫోను చేయవచ్చుననీ మీ పాఠకులకు గుర్తుచేస్తున్నాను. మరమ్మతు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ కూడా ప్రారంభించింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిన దగ్గర నుంచి పాత ల్యాప్‌టాప్ పారేయమనే మాట మరీ ఎక్కువైంది. కొన్ని మినహాయింపులు తప్ప ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు, మా ఐదో తరం యంత్రమూ అందులోదే. బ్యాంకు పనులు చేసే కంప్యూటరుకు భద్రతా సవరణలు ఆగిపోవడం చిన్న విషయం కాదు, దాని గురించి మా అమ్మాయితో వేరుగా మాట్లాడాను, ఆ పనులను ఫోనుకు మార్చుకుంది. కానీ అది వేరే సమస్య, తెర మీద గళ్లు పడడం వేరే సమస్య. మొదటిది చూపించి రెండోదానికి బోర్డు అమ్మడం, రెండోది చూపించి కొత్త ల్యాప్‌టాప్ అమ్మడం రెండూ తప్పే.

మీ సాంకేతిక పుటలో ఆ వ్యాసానికి కొనసాగింపుగా, దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లోనే చూసుకోదగిన పరీక్షలను బొమ్మలతో సహా ఒక ఆదివారం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మా నోటుబుక్కులోని ఉష్ణోగ్రతల పేజీలు పనికొస్తాయనుకుంటే నకలు తీసి పంపగలను. చేతిరాత మా మనవడిది, పదో నిమిషం దగ్గర అంకెలు కొంచెం వంకరగా ఉంటాయి, ఎందుకంటే ఒక చేత్తో ఆడుతూ రాశాడు.

భవదీయుడు,
ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగపు విశ్రాంత ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం